జీతంలో దశమ భాగం ఎంత మీద లెక్క? నాన్న వైద్యానికి పంపేది కానుకలోకి వస్తుందా?

ప్రశ్న అడిగిన బాబు పరిస్థితి క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో ఉద్యోగం. జీతం కాగితం మీద 62,000, చేతికి వచ్చేది 54,000. ఊళ్లో నాన్నగారికి డయాలసిస్ జరుగుతోంది, నెలకు 18,000 ఇంటికి పంపుతున్నాడు. తను వెళ్లే క్రైస్తవ సంఘంలో పూర్తి జీతం మీద పదోవంతు ఇవ్వాలని, అదీ అక్కడే ఇవ్వాలని, లేకపోతే దేవుని సొమ్ము దొంగిలించినట్టేనని చెబుతున్నారు. కానుకల కోసం పెట్టిన క్యూఆర్ కోడ్ పాస్టరుగారి సొంత పేరు మీద ఉంది. సొంత ఊరి గుడి (చర్చి) పైకప్పు కారుతోంది, దానికీ పంపాలని ఉంది. డాలస్‌లో ఉన్న అక్క కూడా పంపుతానంటోంది. పైగా పోయిన ఏడాది ఒక కూడికలో 50,000 ఇస్తానని విశ్వాస వాగ్దానం చీటీ రాసిచ్చాడు, ఇప్పుడు కట్టలేకపోతున్నాడు. ఆదివారం వస్తుందంటే టెన్షన్‌గా ఉంటోందని రాశాడు.

నేను మచిలీపట్నం దగ్గర ఒక సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో చాలా ఏళ్లుగా కోశాధికారిగా ఉన్నాను. అంతకుముందు స్త్రీల మైత్రి, అంటే సంఘంలోని ఆడవాళ్ల సమాజం, లెక్కలు చూసేదాన్ని. హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. వేదాంత కళాశాలలో చదవలేదు. కానుకల సంచి బల్ల మీద బోర్లించిన తర్వాత ఏం జరుగుతుందో మాత్రం దగ్గరగా చూసినదాన్ని, అక్కడి నుంచే చెబుతున్నాను.

సూటిగా జవాబు. నాన్నగారి వైద్యం ముందు. దాని తర్వాత మిగిలినదాంట్లో ఎంత ఇవ్వాలో మీరే ప్రార్థన చేసుకుని, మనసులో నిర్ణయించుకుని ఇవ్వండి. అది పదోవంతు కాకపోతే మీరు దొంగ అయిపోరు. లెక్క చేతికొచ్చే జీతం మీద కట్టుకోండి. ఇచ్చేదాంట్లో కొంత మీరు ఆరాధించే సంఘానికి, కొంత ఊరి గుడికి పంపడంలో తప్పులేదు. సొంత పేరు మీద ఉన్న క్యూఆర్ గురించి మర్యాదగా అడగండి, అడగడం అవిశ్వాసం కాదు. వాగ్దానం చీటీ కోసం అప్పు చేయొద్దు. ఇక ఒక్కొక్కటీ ఎందుకో చెబుతాను.

మొదట నాన్నగారి సంగతి, ఎందుకంటే మీ బాధంతా అక్కడే ఉంది. మార్కు సువార్త 7వ అధ్యాయం తీసి చదవండి. తల్లిదండ్రులకు ఇవ్వవలసిన సొమ్మును "ఇది కొర్బాను, దేవునికి అర్పించేశాను" అని చెప్పి వాళ్లను చూడకుండా వదిలేసే ఆచారం ఆ రోజుల్లో ఉండేది. మత పెద్దలు దాన్ని ఒప్పుకునేవారు. యేసు ప్రభువు వాళ్లనే నిలదీశాడు, మీ ఆచారం కోసం దేవుని వాక్యాన్నే నిరర్థకం చేస్తున్నారన్నాడు. మీరు అడిగిన ప్రశ్నకు ఇంతకంటే దగ్గరి జవాబు నాకు ఎక్కడా కనబడలేదు. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం కూడా చూడండి. భక్తి ముందు సొంత ఇంట్లో నేర్చుకోవాలి, కన్నవాళ్ల రుణం తీర్చాలి, అది దేవునికి ఇష్టమైనది అని 4వ వచనంలో ఉంది. 8వ వచనం ఇంకా గట్టిగా ఉంటుంది, సొంతవాళ్లను చూసుకోనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని. అక్కడ ఉన్నంత కఠినమైన మాట దశమ భాగం ఇవ్వనివాడి గురించి పౌలు ఏ పత్రికలోనూ రాయలేదు.

అయితే ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఇంటికి పంపేదాన్ని "కానుక"గా లెక్క రాసుకోమని నేను అనడం లేదు. అది మీ బాధ్యత, కానుక కన్నా ముందుది. రెంటినీ ఒకే ఖాతాలో కలిపేస్తే రేపు నాన్నగారికి బాగైన తర్వాత కూడా "ఇంటికి ఇస్తున్నాను కదా" అనే అలవాటు మిగిలిపోతుంది. మా సంఘంలో అలా మిగిలిపోయిన కుటుంబాలున్నాయి. పిల్లల చదువులు, ఇంటి లోను, ఆ తర్వాత పెళ్లి, ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి, ఇచ్చే చెయ్యి మెల్లగా ముడుచుకుపోతుంది. కాబట్టి ఎంత చిన్న మొత్తమైనా సరే, ఐదువందలైనా సరే, ప్రతి నెలా వేరుగా తీసిపెట్టండి. వారం మొదటి రోజున ఎవరికి వారు తమ వర్ధిల్లిన కొలది తీసిపెట్టుకోవాలని కొరింథీయులకు పౌలు చెప్పింది అదే. వర్ధిల్లిన కొలది అన్నాడు, అంకె చెప్పలేదు.

ఇక్కడే ఇంకో విషయం. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఉచితంగా జరుగుతుంది. డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు 10,000 పింఛను కూడా ఉంది. మీ ఉద్యోగం వల్ల, రేషను కార్డు వల్ల అర్హత ఎలా ఉంటుందో ఊరి సచివాలయంలో కనుక్కోండి. మందులు, ఇంజెక్షన్లు, వారానికి మూడుసార్లు ఆటో, తోడు వెళ్లే మనిషి కూలి పోవడం, ఈ ఖర్చులు ఎలాగూ ఉంటాయి. ఒక్క ఖర్చు తగ్గినా మీకు ఊపిరి పీల్చుకోవడానికి వీలవుతుంది. మా సంఘంలో ఇలాంటి కుటుంబాలకు మేం మొట్టమొదట చేసే సాయం ఈ దరఖాస్తులు పెట్టించడమే. ప్రార్థన చేసి పంపించేయకుండా, కాగితాలు పట్టుకుని వెంట వెళ్లే మనిషిని ఒకరిని అప్పగిస్తాం.

ఇప్పుడు పదోవంతు ఎంత మీద అన్నది. బైబిలు పాత నిబంధన ధర్మశాస్త్రంలో పదోవంతు పంట మీద, చెట్ల పండ్ల మీద, మంద మీద ఉండేది. లేవీయకాండం 27వ అధ్యాయంలో ఉంటుంది. జీతం కాగితం, పీఎఫ్ కోత, ఆదాయపు పన్ను, ఇవేవీ అక్కడ లేవు. కాబట్టి పూర్తి జీతం మీదే కట్టాలి అని వాక్యం పేరు మీద ఎవరైనా ఖచ్చితంగా చెబితే, అది ఆయన అభిప్రాయం అనుకోండి. నా అభిప్రాయం అడిగితే చేతికొచ్చినదాని మీద. పీఎఫ్ రేపు చేతికొచ్చినప్పుడు దాంట్లోంచి ఇవ్వొచ్చు. మా దగ్గర రొయ్యల చెరువులు చేసే ఒకాయన ఇదే అడిగారు. మేతకు, రొయ్య పిల్లకు, కరెంటుకు పెట్టింది తీసేయనా, అమ్మినదాని మీద మొత్తంగా ఇవ్వనా అని. పెట్టుబడి తీసేసి మిగిలినదాని మీద ఇవ్వండి అన్నాను. వైరస్ వచ్చి చెరువు పోయిన పంటకు ఆయన ఏమీ ఇవ్వలేదు, ఆ నెల సంఘమే వాళ్లింటికి బియ్యం పంపింది. బాగా వచ్చిన పంటకు ఎవరూ అడగకముందే పదోవంతు మించి తెచ్చిచ్చారు. అదే ఆరోగ్యంగా ఇవ్వడం అంటే నాకు.

జీతం స్లిప్పు చూపించమని అడిగే సంఘాలు ఉన్నాయని ఈ మధ్య వింటున్నాను. చూపించకండి. పొలం అమ్మి, కొంత దాచుకుని, మొత్తం తెచ్చానని అబద్ధమాడి అక్కడికక్కడే చనిపోయిన అననీయతో అపొస్తలుడు పేతురు ఏమన్నాడు? పొలం నీదే కదా, అమ్మిన తర్వాత కూడా డబ్బు నీ వశంలోనే ఉంది కదా అన్నాడు. ఆ శిక్ష అబద్ధానికి, తక్కువ ఇచ్చినందుకు కాదు. ఇవ్వడం స్వేచ్ఛ అని అంత భయంకరమైన సందర్భంలో కూడా అపొస్తలుడు ఒప్పుకున్నాడు.

"దొంగిలించుట" అన్న మాట మలాకీ 3వ అధ్యాయంలోది. ఆ వచనాన్ని కానుకల ముందు చదవని సంఘం తెలుగునాట అరుదు. నేను దాన్ని పక్కన పెట్టమనడం లేదు, మొత్తం చదవమంటున్నాను. మలాకీ ముందు రెండు అధ్యాయాల్లో యాజకులనే గద్దించాడు. దేవుని సొమ్ము దొంగిలించారనే మాటకు ముందు మందిరం నడిపేవాళ్ల మీద తీర్పు ఉంది. ఆ పదోవంతు ఎవరికి వెళ్లేది? మందిర సేవ చేసే, సొంత పొలం లేని లేవీయులకు. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చివర చూస్తే మూడేళ్లకోసారి ఆ భాగం ఊళ్లోనే ఉంచి లేవీయులకు, పరదేశులకు, తండ్రి లేని పిల్లలకు, విధవరాండ్రకు పెట్టాలని ఉంది, వాళ్లు తిని తృప్తి పొందాలని. అంటే దశమ భాగంలోనే పేదవాడి కంచం ఉంది. మీ సంఘంలో దశమ భాగం గట్టిగా అడుగుతున్నప్పుడు, విధవరాండ్రకు, అనాథలకు ఎంత వెళ్తోందని కూడా అంతే గట్టిగా చెప్పగలగాలి. యేసు ప్రభువు పరిసయ్యులనే మత పెద్దలతో పుదీనా, సోపు, జీలకర్ర గురించి మాట్లాడినప్పుడు పదోవంతు మానమనలేదు. న్యాయం, కనికరం, విశ్వాసం వదిలేశారే అన్నాడు. ఈ రెండూ కలిపి చదివితే చాలా గొడవలు తీరిపోతాయి.

సొంత పేరు మీద ఉన్న క్యూఆర్ కోడ్. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, నా పని ఇదే కాబట్టి.

అన్ని సొంత క్యూఆర్‌లూ మోసం కాదు. అద్దె హాల్లో నలభై యాభై కుటుంబాలతో నడిచే స్వతంత్ర సంఘాల్లో చాలావాటికి సొసైటీ రిజిస్ట్రేషన్ ఉండదు, అది లేకుండా సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా తెరవడం కష్టం. పాస్టరుగారికి జీతం ఇచ్చే డయాసిస్ (బిషప్ కింద ఉండే సంఘాల మండలం) ఉండదు. హాలు అద్దె, మైకు సెట్టు, కరెంటు, ఆయన ఇంటి ఖర్చు, అన్నీ ఆ కానుకల్లోంచే. సువార్త ప్రకటించేవారు సువార్త వలన జీవించాలని వాక్యంలోనే ఉంది కాబట్టి ఆయన కుటుంబం గౌరవంగా బతకడం సంఘం బాధ్యత. నాకు తెలిసిన కొందరు పాస్టర్లు పిల్లల ఫీజు కట్టలేక అవస్థపడుతూ కూడా సంఘం డబ్బు ముట్టుకోనివాళ్లు. వాళ్లను అనుమానించడం పాపం.

కానీ మంచివాడికి కూడా ఒంటరిగా డబ్బు అప్పగించకూడదు. ఇది నా మాట కాదు. రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయంలో యోవాషు రాజు కాలంలో మందిరం మరమ్మతుకు వచ్చిన డబ్బు ఏళ్ల తరబడి మరమ్మతుకు వెళ్లలేదు. అప్పుడు ఒక పెట్టె మూతకు రంధ్రం చేసి బలిపీఠం పక్కన పెట్టారు. పెట్టె నిండినప్పుడు రాజు దగ్గరి లేఖరి, ప్రధాన యాజకుడు ఇద్దరూ వచ్చి లెక్కపెట్టి సంచుల్లో కట్టారు. ఇద్దరు, అదీ రెండు వేరు వేరు అధికారాలకు చెందిన ఇద్దరు. నెహెమ్యా 13వ అధ్యాయంలో లేవీయులకు రావలసింది రాక వాళ్లు పొలాలకు పారిపోతే, నెహెమ్యా కొట్ల మీద నలుగురిని నియమించాడు. నమ్మకమైనవాళ్లని పేరున్నవాళ్లనే పెట్టాడు, అయినా ఒక్కరితో సరిపెట్టలేదు. పౌలు యెరూషలేము పేదల కోసం వసూలు చేసిన చందా మోసుకెళ్లడానికి సంఘాలు ఎన్నుకున్న మనుషుల్ని వెంట తీసుకెళ్లాడు. మా మీద ఎవరూ తప్పు మోపకూడదు, ప్రభువు దృష్టికే కాదు మనుషుల దృష్టికి కూడా మంచిగా ఉండాలి అని కొరింథీయులకు రెండో పత్రికలో కారణం చెప్పాడు. పౌలుకు అవసరమైన జాగ్రత్త మనకు ఎందుకు అవసరం లేదు?

మా సంఘంలో ఎలా చేస్తామో చెబుతాను. ఆరాధన అవ్వగానే సంచులు పక్క గదిలో బల్ల మీదకు వస్తాయి. బంధుత్వం లేని ఇద్దరు లెక్కపెడతారు, వారం వారం మారుతూ ఉంటారు. ఏ నోట్లు ఎన్నో చీటీ మీద రాసి ఇద్దరూ సంతకం పెడతారు. తర్వాత నేను పుస్తకంలో ఎక్కిస్తాను. అయ్యగారు, అంటే మా పాస్టరు, ఆ బల్ల దగ్గర కూర్చోరు, అది ఆయన పెట్టుకున్న నియమమే. సోమవారం డబ్బు బ్యాంకులో పడుతుంది, ఆదివారం వచ్చిన నోట్లలోంచే ఎవరికీ ఏ బిల్లూ కట్టం. చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉంటాయి. నెల చందా కవర్ల మీద నంబరు మాత్రమే ఉంటుంది, ఎవరిది ఏ నంబరో నాకూ కార్యదర్శికీ తప్ప ఎవరికీ తెలియదు. ఎవరెంత ఇచ్చారో అయ్యగారికి కూడా చెప్పం, లేకపోతే ప్రసంగం చేసేటప్పుడు ఆయన కళ్లు ఎవరి మీద పడినా వాళ్లకు అనుమానమే. మొత్తం ఎంత వచ్చింది, ఎక్కడికి పోయింది అన్నది మాత్రం ప్రతి మూడు నెలలకోసారి గుడి బోర్డు మీద అంటిస్తాం. ఇచ్చిన చెయ్యి గుట్టుగా ఉండాలి, ఖర్చుపెట్టిన చెయ్యి అందరికీ కనబడాలి. మా దగ్గర గొడవలు వచ్చిన ప్రతిసారీ చూస్తే ఈ రెండూ తారుమారైనప్పుడే వచ్చాయి.

కాబట్టి మీరు ఆదివారం ఆరాధన అయ్యాక, పదిమందిలో కాకుండా, పాస్టరుగారిని కలిసి ఇలా అడగండి: "అయ్యగారూ, నేను నెలనెలా క్రమంగా ఇద్దామనుకుంటున్నాను. సంఘం పేరు మీద ఖాతా ఉంటే నంబరు ఇస్తారా? లేకపోతే ఖాతా తెరవడానికి నేనేమైనా సాయం చేయనా?" ఈ ప్రశ్నకు వచ్చే జవాబులోనే మీకు చాలా తెలుస్తుంది. మంచి కాపరి అయితే సంతోషిస్తాడు, ఇలాంటి పనికి ముందుకొచ్చే కుర్రాళ్లు దొరకడం లేదని ఆయనా ఎదురుచూస్తూ ఉండొచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందే ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లో సంఘాలు నమోదవుతున్నాయి, కనీసం ఏడుగురు సభ్యులుంటే చాలు. ఇంకో సంగతి ఆయనకు మెల్లగా చెప్పండి. సొంత ఖాతాలో పడిన కానుకలన్నీ పన్ను అధికారుల కంటికి ఆయన సొంత ఆదాయంలాగే కనిపిస్తాయి, రేపు నోటీసు వస్తే ఇబ్బంది పడేది ఆయనే. వేరే ఖాతా ఆయనకే రక్షణ.

అడిగినందుకు కోప్పడి, "అభిషిక్తుని మీద చెయ్యి వేయకూడదు" అన్న వచనం మీ మీదకు తీస్తే, అక్కడ ఇవ్వడం కొంతకాలం ఆపండి. అసలు ఇవ్వడమే మానేయమనడం లేదు, ఆ భాగం లెక్క చూపించే చోటుకు పంపండి.

పన్ను మినహాయింపు గురించి కూడా మీరు అడిగారు. స్థానిక సంఘానికి ఇచ్చే మామూలు కానుకలకు 80జీ మినహాయింపు రాదు, ఒక మతం వారి ఆరాధన కోసం ఉన్న సంస్థలకు అది వర్తించదు. ఆసుపత్రులు, పిల్లల వసతి గృహాలు నడిపే ట్రస్టులకు ఉంటే ఉండొచ్చు, అక్కడ కూడా 2,000 దాటిన నగదుకు రాదు. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే అసలే లేదు. దీని గురించి ఆలోచన మానేయండి.

ఊరి గుడి, డాలస్ అక్క. ఊరి గుడికి పంపడం మంచిదే. మీకు బాప్తిస్మం ఇచ్చి, సండే స్కూల్లో వచనాలు నేర్పి, రేపు మీ కుటుంబంలో కష్టం వస్తే ముందు వచ్చి నిలబడే మనుషులు వాళ్లు. కానీ మీరు ప్రతి ఆదివారం హైదరాబాద్‌లో కూర్చునే కుర్చీకి, తిరిగే ఫ్యానుకు కూడా ఎవరో ఇస్తున్నారు. అందుకే రెండు చోట్లా ఇవ్వమన్నాను. ఊరికి పంపేటప్పుడు కమిటీ ఖాతాకే పంపండి, "పైకప్పు రేకుల కోసం" అని రాసి పంపండి, రసీదు అడగండి. అలా ఒక పనికని ఇచ్చిన డబ్బు ఇంకో పనికి వాడకూడదన్నది ఎక్కడైనా పాటించవలసిన నియమం.

అక్క సంగతి జాగ్రత్త. ఆమె ఇంకా భారత పాస్‌పోర్టుతోనే ఉంటే, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం ఆమె పంపేది విదేశీ విరాళమే, మన ఊరి ఆడపిల్ల అయినా సరే. 2010 విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేని సంఘం ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. అనుమతి ఉన్న సంస్థకు కూడా ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి, 2020 సవరణ తర్వాత దాన్ని వేరే సంస్థకు మళ్లించడానికి కూడా వీల్లేదు. మీ ఖాతాకు పంపించుకుని మీరు గుడికి ఇవ్వడం అనే అడ్డదారి చాలామంది చేస్తున్నారు, మీరు చేయొద్దు. దీనికి చక్కని దారి ఒకటుంది. దగ్గరి బంధువులకు ఏడాదికి 10 లక్షల వరకు పంపడానికి ఏ సమాచారమూ ఇవ్వనక్కర్లేదు. కాబట్టి అక్కను నాన్నగారి వైద్యానికి పంపమనండి. మీ మీద భారం తగ్గుతుంది, అప్పుడు గుడి రేకులకు మీరు మీ జీతంలోంచి ఇవ్వొచ్చు.

విదేశాల నుంచి వచ్చే డబ్బు గురించి ఇంకో మాట. మా పక్క ఊళ్లో ఒక కుటుంబం అమెరికా నుంచి పెద్ద మొత్తం ఇచ్చి పాలరాతి గుడి కట్టించింది. గుడి బాగుంది. ఆ తర్వాత రెండేళ్లలో చిన్న కానుకలు సగానికి పడిపోయాయి. ఎండుచేపలు అమ్మే ఆవిడ వేసే ఇరవై రూపాయలకు ఇక విలువ లేదని ఆవిడే అనుకుంది. కరెంటు బిల్లు కట్టడానికి కూడా మళ్లీ అమెరికాకు ఫోను చేసే పరిస్థితి వచ్చింది. డోర్నకల్ బిషప్ అజరయ్యగారు, 1912లో అభిషేకం పొందిన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్, కడుపేద పల్లె సంఘాలు కూడా ఇవ్వాలని పట్టుబట్టింది ఇందుకే. అన్నం వండేటప్పుడు తీసిపెట్టే పిడికెడు బియ్యం ఆ పల్లెల్లో కానుకగా వచ్చేది. మా స్త్రీల మైత్రిలో పెద్దవాళ్లు ఇప్పటికీ డబ్బాలో బియ్యం తెస్తారు, ఆ బియ్యం నేరుగా పేదల నిధికి వెళ్తుంది. ఇచ్చే ప్రతి మనిషికీ ఆ గుడి మీద హక్కు ఉంటుంది, ఆ హక్కును ఒక పెద్ద చెక్కుతో కొనేయకూడదు.

అదే కారణంతో కోతకాల పండుగ వేలంపాట మా దగ్గర తగ్గించేశాం. గుమ్మడికాయ రెండు వేలకు పాడినవాళ్లకు చప్పట్లు, కొబ్బరికాయ తెచ్చినావిడ వెనక వరుసలో. ఇప్పుడు తెచ్చిన వస్తువులన్నీ ఒకే బల్ల మీద పెట్టి, ఒకే ప్రార్థన చేసి, మామూలు ధరకు అమ్మేస్తాం. ఆదాయం కొంత తగ్గింది, కానీ పండుగ రోజు రానివాళ్లు రావడం మొదలుపెట్టారు.

ఇంకో పాత అలవాటు గురించి కూడా రాయాలి, మీకు రేపు ఎదురవుతుంది. చందా బాకీ కడితేగాని పెళ్లి ప్రకటనలు చదవరు, సమాధికి చోటు ఇవ్వరు అనే సంఘాలు ఉన్నాయి. పెళ్లి విషయంలో సభ్యత్వం అడగడం కొంతవరకు అర్థం చేసుకోగలను. శవాన్ని ఇంటి ముందు పెట్టుకున్న మనిషిని పాత బాకీ అడగడం ఎంతమాత్రం తగదు. మా కమిటీలో దీని మీద గట్టి వాదన జరిగి, సమాధికి బాకీ చూడకూడదని తీర్మానం రాయించాం. మీ ఊరి గుడిలో ఈ అలవాటు ఉంటే, మీలాంటి చదువుకున్న పిల్లలు జనరల్ బాడీలో లేచి మాట్లాడాలి.

పేదలకు ఇచ్చేటప్పుడు సంఘంలో లేనివాళ్లకు ఇవ్వొచ్చా అని కూడా అడిగారు. తప్పకుండా. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మా పెద్దలు బియ్యం బస్తాలు మోసుకెళ్లారు, ఎవరిదే మతమని ఎవరినీ అడగలేదు. అంతకు వందేళ్ల ముందు, 1876–78 కరువులో, ఒంగోలు మిషనరీ క్లౌగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. ఆ కరువు సాయం జరుగుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు, తిండి కోసం ఎవరూ రాకూడదని. సాయం అయిపోయాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. సాయానికి విశ్వాసాన్ని ముడిపెట్టకూడదని ఆయన చూపించిన పద్ధతి ఇప్పటికీ మాకు కొలమానం. మా పేదల నిధి అయ్యగారు, నేను, స్త్రీల మైత్రి నుంచి ఒకరు, ముగ్గురం కలిసి చూస్తాం. పేర్లు గుడిలో చదవం, ఫొటోలు తీయం. ఆసుపత్రి బిల్లు అయితే ఆసుపత్రికే కడతాం, ఇంటి అవసరమైతే చేతికి డబ్బే ఇస్తాం, ఏది కొనుక్కోవాలో వాళ్లకు తెలుసు. మీ నాన్నగారి పరిస్థితి మీ ఊరి సంఘానికి తెలుసా? చెప్పారా? ఇచ్చేవాడిగానే కాక పుచ్చుకునేవాడిగా కూడా సంఘంలో ఉండటం నేర్చుకోండి, అందులో చిన్నతనం లేదు.

చివరిగా ఆ 50,000 చీటీ. పాటలు, ప్రార్థనలు సాగుతుండగా, అందరూ చేతులెత్తుతుంటే రాసిన అంకె అది. మీరు మనస్ఫూర్తిగానే రాశారు, అప్పుడు నాన్నగారికి ఇంత జబ్బు లేదు. లేవీయకాండం 27వ అధ్యాయం 8వ వచనం చూడండి. మొక్కుకున్నవాడు నిర్ణయించిన వెల చెల్లించలేనంత బీదవాడైతే, యాజకుడు వాడి శక్తి కొలదిని వెల మళ్లీ నిర్ణయించాలని అక్కడ ఉంది. మొక్కుబడిని అంత కచ్చితంగా చూసిన ధర్మశాస్త్రమే ఈ తలుపు తెరిచి ఉంచింది. క్రెడిట్ కార్డు మీద గాని, పర్సనల్ లోన్ తీసుకుని గాని ఇది కట్టకండి. చీటీ తీసుకున్నవాళ్లకు ఫోను చేయండి, లేదా ఉత్తరం రాయండి: నాన్నగారి డయాలసిస్ వల్ల ఇప్పుడు చెల్లించలేను, నెలకు ఇంత ఇవ్వగలను, లేదా ఇప్పుడు ఏమీ ఇవ్వలేను. ఒక్క వాక్యం చాలు, వివరాలు చెప్పుకోనక్కర్లేదు. వాళ్లు శాపం మాట ఎత్తితే ఆ ఫోను పెట్టేయండి, మళ్లీ ఎత్తకండి.

మా దగ్గర బుధవారం సాయంత్రం స్త్రీల ప్రార్థన కూడిక ఉంటుంది. పేరు చెప్పకుండా "డయాలసిస్‌లో ఉన్న ఒక తండ్రి" అని మీ నాన్నగారి కోసం ప్రార్థన చేయిస్తాను. సొసైటీ రిజిస్ట్రేషన్‌కు ఏ కాగితాలు కావాలో, లెక్క పుస్తకం ఎలా గీయాలో మీ పాస్టరుగారికి కావాలంటే ఇక్కడే అడగండి, విడిగా వివరంగా రాస్తాను.